లెక్కపెట్టే మనిషి పక్కనుంటే

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పోయిన నెల నేల మీద కూర్చుని పాత కాగితాలు సర్దుకుని లేవబోతే కాళ్ళలో సత్తువ లేదు. మా అమ్మాయి వచ్చి చేయి అందిస్తే లేచాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. పరీక్షలు చేయిస్తే షుగర్ అంచుల్లో ఉందన్నారు. ఇదివరకు రెండుసార్లు జిమ్‌లో చేరాను, రెండూ మూన్నాళ్ళ ముచ్చటే అయ్యాయి. నాతో పనిచేసే ఒకావిడ, పదిమంది కలిసి వారానికి మూడు రోజులు బరువులెత్తే ఒక బృందంలో ఉంది. నన్నూ రమ్మంటోంది. వెళ్ళాలని ఉంది, కానీ అందరి ముందూ నవ్వులపాలవుతానేమోనని భయం. మావారేమో 'ఈ వయసులో బరువులెందుకు, నడిస్తే చాలదా' అంటారు. మోకాళ్ళు కూడా అప్పుడప్పుడూ నొప్పి పెడుతుంటాయి. ఇంట్లో ఒక్కదాన్నే ఏవో చేసుకుంటే సరిపోదా? లేక వెళ్ళమంటారా?
– పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: వెళ్ళండి. మిగతాదంతా చదివే ఓపిక ఈరోజు లేకపోయినా, ఈ ఒక్క మాట పట్టుకుని వెళ్ళండి.

నేల మీద నుంచి లేవలేకపోయిన ఆ క్షణాన్ని మీరు తలవంపుల్లా రాశారు. నాకైతే అది ఒళ్ళు వేళకు పంపిన కబురులా అనిపించింది. చాలామందికి ఈ కబురు 70 దగ్గరపడ్డాక, ఎక్కడో జారిపడి తుంటి ఎముక విరిగాక గానీ అందదు. మీకు 47కే అందింది. చేతిలో ఇంకా బోలెడంత వ్యవధి ఉంది.

ముందు ఒంట్లో జరుగుతున్నదేమిటో చూద్దాం. 30 దాటాక, ఏమీ చేయకుండా వదిలేస్తే, పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం దాకా కండ తరిగిపోతుంది. 60 దాటాక ఆ తరుగుదల ఇంకా జోరందుకుంటుంది. బలమైతే కండ కన్నా వేగంగా పోతుంది. ఇలా వయసుతో కండ కరిగిపోవడానికి 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకులో మాంసపు లేమి అని అర్థం. దీని మీద నాకు నచ్చే సంగతి ఒకటుంది: వయసు చేసే నష్టంలో చాలా భాగం మనం వాడకపోవడం వల్ల జరిగేదేనని ఎన్నో ఏళ్ళుగా బరువులెత్తేవాళ్ళతో పోల్చి చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు కుర్చీలో ఉన్న తొడలు లేవడం మరిచిపోతాయి. మళ్ళీ నేర్పితే నేర్చుకుంటాయి కూడా.

ఎంత వయసు దాకా నేర్చుకుంటాయంటారా? 1990లో అమెరికాలో ఒక వృద్ధుల సంరక్షణాలయంలో సగటు వయసు 90 ఉన్న పదిమందిని తీసుకుని ఎనిమిది వారాల పాటు కాళ్ళకు గట్టి బరువుల సాధన చేయించారు. బలహీనులు, జబ్బులున్నవాళ్ళు, కొందరు చేతికర్ర మీద నడిచేవాళ్ళు. ఎనిమిది వారాలయ్యేసరికి వాళ్ళ తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. 90లో ఉన్నవాళ్ళకు సాధ్యమైంది 47లో ఉన్న మీకెందుకు కాదు?

మీవారి మాటలో తప్పు లేదు, కాకపోతే అది సగం మాట. నడక గుండెకు, ఊపిరితిత్తులకు, మనసుకు చాలా మంచిది, మానకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం రెండూ అడుగుతున్నాయి. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఒకటి, ఒంట్లోని పెద్ద కండరాలన్నింటికీ పని తగిలేలా వారానికి కనీసం రెండు రోజుల బలసాధన రెండోది. నడకలో తొడలు మోసేది మన ఒంటి బరువే, అదీ రోజూ మోసేదే. అలవాటైన బరువు మోస్తే కండ కొత్తగా పెరగాల్సిన అవసరం చూడదు. రోజురోజుకూ కొంచెం కొంచెం ఎక్కువ అడిగితేనే పెరుగుతుంది. ఎముకదీ అదే స్వభావం. మీవారిని కూడా ఒకరోజు వెంటబెట్టుకు వెళ్ళి చూపించండి. వాదించడం కన్నా అది తేలిక.

షుగర్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మనం తిన్నదాంట్లోంచి రక్తంలోకి చేరే గ్లూకోజును ఎక్కువగా తీసుకుని దాచుకునే గోదాము కండే. మామూలప్పుడు దాని తలుపు తీయడానికి ఇన్సులిన్ తాళంచెవి కావాలి. కండ గట్టిగా పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ సాయం లేకుండానే తలుపు తీసుకుని గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. ఆ సాధన ప్రభావం తర్వాత ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం అన్నది మీ షుగర్‌కు అచ్చంగా సరిపోయే లెక్క.

ఇక అసలు ప్రశ్న. ఇంట్లో ఒక్కరే చేసుకుంటే సరిపోదా? కండకైతే సరిపోతుంది. ఎత్తే బరువు ఇంట్లో ఎత్తారా, పదిమందిలో ఎత్తారా అన్నది కండకు తెలియదు. అయితే మీరు రెండుసార్లు చేరి మానేశానని రాశారు. ఎందుకు మానేశారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. బద్ధకం అని మీకు మీరే ముద్ర వేసుకుని ఉంటారు. నేను అలా అనుకోను. మీరు వెళ్ళినా, వెళ్ళకపోయినా అక్కడ ఎవరికీ తేడా తెలియలేదు. యంత్రాల మధ్య తిరిగి, ఎవరూ పలకరించక, చేస్తున్నది తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు లేక, ఇంటికి వచ్చేశారు. అలాంటి చోటుకు నెల తరబడి వెళ్ళగలిగినవాళ్ళు అరుదు.

నా సంగతి చెప్తాను. నేను బరువులు మొదలుపెట్టింది 52వ ఏట. ఇప్పుడు 60. నేను నిలదొక్కుకున్న బృందంలో మూడో వారమో, నాలుగో వారమో. భుజాల మీద ఉత్త బార్, అంటే బరువులు తగిలించని ఇనుప కడ్డీ, 15 కిలోలది. ఎనిమిది స్క్వాట్లు, అంటే బరువుతో గొంతుక్కూర్చుని లేవడాలు, చేయాలి. ఆరు చేసేసరికి నా వల్ల కాదనిపించి బార్‌ను స్టాండ్ మీద పెట్టేయబోయాను. పక్కన నాకన్నా ఏడాది ముందు చేరినావిడ నిలబడి లెక్కపెడుతోంది. నేను ఆగానన్నది చూడనట్టే, నేను కిందికి దిగకముందే, "ఏడు" అంది. అంకె పలికేసింది, ఇక దిగక తప్పలేదు. దిగాను, లేచాను. "ఎనిమిది" అంది, అదీ చేశాను. బార్ పెట్టేశాక తొడలు గజగజ వణుకుతున్నాయి. బార్ మీది గరుకు గీతల ముద్రలు అరచేతుల్లో ఎర్రగా పడ్డాయి. ఆవిడ పొగడలేదు, భుజం తట్టలేదు. నోటుబుక్కులో నా పేరు పక్కన 8 అని రాసి, తను బార్ కిందికి వెళ్ళి, "ఇప్పుడు మీరు లెక్కపెట్టండి" అంది.

ఆ చివరి మాటే నన్ను అక్కడ నిలబెట్టింది. ఎనిమిది చేసినందుకు కాదు, నా లెక్క ఇంకొకరికి అవసరమైనందుకు మర్నాడు కాకుండా ఎల్లుండి మళ్ళీ వెళ్ళాను. ఆ రోజు నుంచి నేను రాకపోతే ఒకరికి లెక్కపెట్టే మనిషి ఉండదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పొద్దున్నే అలారం మోగినప్పుడు మంచం మీద నుంచి లేపేది మాత్రం ఇదే.

దీనికి పాత ప్రయోగం ఒకటి ఉంది. 1920ల్లో ఒట్టో కోహ్లర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త బెర్లిన్‌లో ఒక పడవ పందేల క్లబ్బు సభ్యులతో ఈ పరీక్ష చేశాడు. 41 కిలోల బార్‌ను మోచేతులు మడిచి ఎత్తడం ఎంతసేపు కొనసాగించగలరో ముందు ఒక్కొక్కరినీ విడివిడిగా చూశాడు. తర్వాత ఇద్దరికీ కలిపి రెట్టింపు బరువున్న ఒకే బార్ ఇచ్చాడు. ఒకరు ఆగిపోతే రెండోవాళ్ళు కూడా ఆగాల్సిందే. అలా జంటగా ఎత్తినప్పుడు బలహీనుడైనవాడు, ఒంటరిగా ఉన్నప్పటికన్నా ఎక్కువసేపు ఎత్తగలిగాడు. ఇందులో మీకు పనికొచ్చే మెలిక ఇంకొకటి ఉంది. ఇద్దరి బలం మధ్య తేడా మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ఆ ఫలితం బాగా తగ్గింది. ఓ మోస్తరు తేడా ఉన్నప్పుడే బాగా కనిపించింది. అందుకే బృందంలో అందరికన్నా బలవంతుల వైపు చూడకండి. మీకన్నా కొద్ది నెలలు ముందున్న మనిషిని చూసుకుని ఆవిడ పక్కన నిలబడండి.

నవ్వులపాలవుతానేమోనన్న భయం గురించి. అది అబద్ధపు భయమని కొట్టిపారేయను, నాకూ ఉండేది. బరువు మోస్తున్న మనిషికి పక్కవాళ్ళను చూసి నవ్వేంత ఊపిరి మిగలదన్నది ఒక సంగతి. దానికన్నా పెద్ద సంగతి ఏమిటంటే, మంచి బృందంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తమ మొదటి రోజు గుర్తుంటుంది. మిమ్మల్ని చూస్తే వాళ్ళకు వాళ్ళే కనిపిస్తారు. మీరు చీపురుకర్రంత కర్ర పట్టుకుని స్క్వాట్ నేర్చుకుంటుంటే, 60 కిలోలెత్తే మనిషి వచ్చి "మడమలు లేవనీయకండి" అని మెల్లగా చెప్పి వెళ్ళడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఆత్మవిశ్వాసం అనే మాట మీ ఉత్తరంలో లేదు గానీ, ఉత్తరమంతా దాని గురించే. 1977లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 'ఇది నేను చేయగలను' అన్న నమ్మకం మనిషిలో ఎక్కడి నుంచి పుడుతుందో నాలుగు ఊటలుగా విడదీసి చెప్పారు. అన్నిటికన్నా బలమైనది స్వయంగా చేసి చూడడం. తర్వాతిది మనలాంటి మనిషి చేస్తుంటే చూడడం. మూడోది నమ్మకమున్నవాళ్ళు నువ్వు చేయగలవని చెప్పడం. నాలుగోది కొంచెం లోతైనది, మన ఒంటి సంకేతాలను మనం ఎలా చదువుకుంటామన్నది. గుండె దడదడలాడి, ఊపిరి అందకపోతే ఇన్నాళ్ళూ మీరు దాన్ని భయంగానో, ఏదో అయిపోతుందనో చదువుకుని ఉంటారు. బరువు కింద అదే దడ వారానికి మూడుసార్లు వచ్చి, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంటే, దడ అంటే శ్రమ అని ఒళ్ళు కొత్తగా చదవడం నేర్చుకుంటుంది. మీటింగులో మాట్లాడాల్సి వచ్చినప్పుడు వచ్చే దడను కూడా అప్పుడు అలాగే చదువుతుంది. నాకు జరిగింది ఇదే. ఈ నాలుగూ ఒకేచోట, ఒకే గంటలో దొరికే స్థలాలు ఎక్కువ లేవు. నలుగురూ కలిసి బరువులెత్తే గది అలాంటిది.

మనసు విషయంలో ఇది నా ఒక్కదాని అనుభవం కూడా కాదు. 33 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 1,877 మందిని కలిపి 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. బరువుల సాధన దిగులు లక్షణాలను తగ్గిస్తుందని అందులో తేలింది. విశేషమేమంటే, ఒంటి బలం ఎంత పెరిగిందన్న దానితో సంబంధం లేకుండా దిగులు తగ్గింది. మందులు వాడుతున్నవాళ్ళు వీటిని చూసి మానేయకూడదు, రెండూ కలిసి నడవాలి.

ఇంతా చెప్పి ఒక హెచ్చరిక చెప్పకపోతే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. ప్రతి బృందమూ మంచిది కాదు. ఇందాక చెప్పిన బృందం కన్నా ముందు, నేను మొదట చేరిన చోట శిక్షకుడు రెండో రోజే, కొత్తవాళ్ళు ఎంత ఎత్తగలరో అందరికీ చూపిద్దామని తల మీదికెత్తే బార్‌కు చెప్పకుండా బరువు పళ్ళేలు తగిలించాడు. చుట్టూ చప్పట్లు. చప్పట్లకు లొంగిపోయి ఎత్తాను. నాలుగు నెలలు ఆ భుజంతో జుట్టు దువ్వుకోలేకపోయాను. తర్వాత ఏడాది బరువుల వంక చూడలేదు. పోయిన ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ కోపం వస్తుంది. అక్కడా పదిమంది ఉన్నారు, అక్కడా ఉత్సాహం ఉంది. లేనిదల్లా నన్ను చూసే కన్ను.

అందుకని చేరే ముందు ఒకరోజు ఊరికే వెళ్ళి గోడ పక్కన కూర్చుని చూడండి. అందరికన్నా ఎక్కువ ఎత్తేవాళ్ళను వదిలేసి, అందరికన్నా తక్కువ ఎత్తే మనిషి ఎవరో కనిపెట్టి ఆ గంటంతా ఆ మనిషినే గమనించండి. శిక్షకులు ఆవిడ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారు? ఆవిడకు కుదరని కదలికకు బదులు ఇంకొకటి ఇచ్చారా, లేక అందరితో పాటు లాగించారా? ఆవిడ 'ఇవాళ ఇంతే' అంటే ఒప్పుకున్నారా? ఒళ్ళు పట్టుకుని సరిచేసే ముందు అడిగారా? ఈ ప్రశ్నలకు జవాబులు బాగుంటే చేరిపోండి. పొడులూ మాత్రలూ అంటగట్టే చోటు, ఒంటి ఆకారం మీద మాటలు విసిరే చోటు, మొదటి రోజే వాంతులయ్యేదాకా చేయించి అదే గొప్పగా చెప్పుకునే చోటు అయితే వెనక్కి తిరిగి వచ్చేయండి. మీ సహోద్యోగి ఏమీ అనుకోదు, అనుకున్నా ఫర్వాలేదు.

కొత్తవాళ్ళకు మొదటి నెలంతా తేలిక బరువులతో కదలికలు నేర్పడానికే పోవాలి. ఆస్ట్రేలియాలో మెనోపాజ్ దాటి, ఎముకలు పలచబడిన 101 మంది స్త్రీలతో చేసి 2018లో వెలువరించిన ప్రయోగంలో అలాగే చేశారు. మొదటి నెల నేర్చుకోవడం, ఆ తర్వాత శిక్షకుల కళ్ళెదుట వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున నిజంగా బరువైన డెడ్‌లిఫ్టులు (నేల మీది బార్‌ను నిటారుగా నిలబడేదాకా ఎత్తడం), స్క్వాట్లు. ఎనిమిది నెలలకు వాళ్ళ నడుము వెన్నుపూసల్లో ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో ఎవరికి వారు తేలికపాటి వ్యాయామాలు చేసుకున్నవాళ్ళలో 1.2 శాతం తగ్గింది. తేడా బరువులో కూడా ఉంది, నిజమే. కానీ చూసేవాళ్ళు లేకుండా అంత బరువు జోలికి ఎవరూ వెళ్ళలేరు, వెళ్ళకూడదు కూడా.

మోకాళ్ళు ముందు డాక్టరుకు చూపించండి, పనిలో పనిగా బీపీ కూడా చూపించుకోండి. అదుపులో లేని బీపీతో ఊపిరి బిగబట్టి బరువెత్తడం ప్రమాదం. మోకాలి అరుగుదలే అయితే, తొడ కండ బలపడడమే దానికి మంచి మందుల్లో ఒకటి. పూర్తిగా కిందికి దిగనక్కర్లేదు. వెనక ఒక ఎత్తైన బల్ల వేసుకుని దాని మీద కూర్చుని లేవడంతో మొదలుపెట్టొచ్చు, నెలకో అంగుళం కిందికి దిగొచ్చు. చేసేటప్పుడు కీలులో పోటు వస్తే ఆపేసి చెప్పండి. మర్నాడు, ఆ మర్నాడు కండలు సలపరం పెట్టడం వేరు. అది మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. ఒళ్ళు విపరీతంగా వాచి, నొప్పి భరించలేనంతగా ఉండి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం ఇక ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కండ చితికి కిడ్నీల మీద పడే స్థితి అది. మొదటి రోజే శక్తికి మించి చేయించే చోట్లే ఎక్కువగా వస్తుంది.

మొదటి ఆరు వారాల్లో అద్దంలో ఏ మార్పూ కనిపించదు, బరువు తూచుకుంటే కాటా కూడా కదలకపోవచ్చు. ఆ వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలది. ఉన్న కండనే ఎక్కువగా పిలిచి పనిచేయించడం మెదడు నేర్చుకుంటుంది. కండ పెరగడం కంటికి కనబడేది రెండు మూడు నెలలకు. ఈ మధ్యలోనే చాలామంది నిరాశపడి మానేస్తారు. మీరు కాటా ఎక్కకండి. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఎంత బరువు, ఎన్నిసార్లు అన్నది మాత్రం రాసుకోండి. బార్‌కు రెండు పక్కలా 1.25 కిలోల చిన్న పళ్ళేలు తగిలించిన రోజు ఆ పేజీ మీద తేదీ వేసుకోండి.

వెళ్ళబోయే ముందురోజు ఇంట్లో ఒక పని చేయండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో చూడండి. లెక్కపెట్టే పని మీ అమ్మాయికి ఇవ్వండి. ఆ అంకె రాసి పెట్టుకుని, 12 వారాల తర్వాత అదే కుర్చీలో, అదే అమ్మాయితో మళ్ళీ లెక్కపెట్టించండి. రెండు అంకెలూ నాకు రాసి పంపండి. ఎదురుచూస్తుంటాను.